పాలిమర్ ల్యాబ్‌లో సీడీసీఎల్‌త్రీ: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మేం ఎక్కువగా చేసేది పాలీలాక్టైడ్, అంటే లాక్టైడ్ అణువులను గొలుసుగా కలిపి చేసే పాలిమర్. రియాక్షన్ ఎంతవరకు వచ్చిందో తెలియాలంటే ఎన్‌ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో అణువులోని హైడ్రోజన్లను పీకులుగా చూపే పరీక్ష) తీయాల్సిందే. సాల్వెంట్ సొంత పీకులు అడ్డు రాకుండా శాంపిల్‌ను డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న సాల్వెంట్‌లో కరిగిస్తాం. అందుకే డ్యూటీరియం సాల్వెంట్లలో నా చేతిమీదుగా ఎక్కువ ఖర్చయింది సీడీసీఎల్‌త్రీయే, అంటే డ్యూటీరియం ఉన్న క్లోరోఫామ్.

ఈ పనికి ఇంతకంటే మంచిది నాకు దొరకలేదు. లాక్టైడ్ సీహెచ్ (కార్బన్-హైడ్రోజన్) పీక్ 5.03 పీపీఎం (పీక్ స్థానాన్ని చెప్పే కొలత) దగ్గర, పాలిమర్‌ది 5.16 దగ్గర విడివిడిగా వస్తాయి. రెండింటి ఇంటిగ్రేషన్ (పీకుల కింది వైశాల్యం) తీస్తే కన్వర్షన్, అంటే లాక్టైడ్ ఎంత శాతం పాలిమర్‌గా మారిందో తెలిసిపోతుంది. గొలుసు చివరి సీహెచ్ 4.35 దగ్గర కనబడితే మాలిక్యులర్ వెయిట్ అంచనా కూడా వేయొచ్చు. సాల్వెంట్‌లో మిగిలిపోయే కొద్దిపాటి మామూలు క్లోరోఫామ్ చూపే 7.26 పీక్ వీటి జోలికి రాదు. మిథైల్ పీక్‌ను మాత్రం లెక్కకు తీసుకోవద్దని కొత్తగా చేరినవాళ్లకు గట్టిగా చెబుతాను. అది వచ్చేది 1.58 దగ్గర, తేమ పీక్ 1.56 దగ్గర, రెండూ కలిసిపోతాయి. పని అయ్యాక నైట్రోజన్ ఊదితే సాల్వెంట్ ఆరిపోయి శాంపిల్ తిరిగి చేతికొస్తుంది. మరో డ్యూటీరియం సాల్వెంట్ డీఎంఎస్‌ఓ-డి6తో ఆ సుఖం లేదు, అది అంత తేలిగ్గా ఆరదు. పైగా అది తేమను లాగేస్తుంది, ఏసీ గదిలో సీసాలోనే గడ్డకడుతుంది.

పాలీస్టైరీన్‌కు మాత్రం సీడీసీఎల్‌త్రీ వద్దు. దాని ఆరోమాటిక్ పీకులు పరుచుకుని 7.26తో కలిసిపోతాయి. డైక్లోరోమీథేన్-డి2 ఖరీదెక్కువైనా అక్కడ అదే సరి, దాని పీక్ 5.32 దగ్గర ఉంటుంది. పాలీఎథిలీన్ అయితే గది వేడిలో దేనిలోనూ కరగదు. టెట్రాక్లోరోఈథేన్-డి2లో 120 డిగ్రీల దగ్గర తీయాలి.

సీడీసీఎల్‌త్రీ అసలు బలహీనత ఆమ్లం. వెలుతురు, గాలి తగిలితే మెల్లగా విడిపోయి డీసీఎల్ (డ్యూటీరియం ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం), ఫాస్జీన్ అనే విషవాయువు పుడతాయి. అందుకే పాత సీసాను ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగే గూడులోనే) తెరవాలి. ఆమ్లానికి విరిగే బెంజిలిడీన్ ఎసిటాల్ భాగం ఉన్న మోనోమర్ (పాలిమర్‌కు ముడి అణువు) ట్యూబ్‌లోనే విరిగి, 10 పీపీఎం దగ్గర ఆల్డిహైడ్ పీక్ చూపిస్తుంది. చూసేవాళ్లు సింథసిసే చెడిందనుకుని టెన్షన్ పడతారు. వెండి రేకు వేసిన సీసా కొనండి, చీకట్లో చల్లగా ఉంచండి. ఆమ్లానికి తట్టుకోని శాంపిల్ అయితే వాడే ముందు సాల్వెంట్‌ను ఆమ్లాన్ని పట్టేసే బేసిక్ అల్యూమినా పొడి గుండా దింపండి. మేం ఇప్పుడు అలాంటి వాటికి ఆంపుల్సే (సీలు చేసిన చిన్న గాజు గొట్టాలే) తెప్పిస్తున్నాం.

ధర విషయానికొస్తే, 100 గ్రాముల సీసా అంటే సాంద్రత వల్ల దాదాపు 66 మిల్లీలీటర్లే. ట్యూబ్‌కు 0.6 మిల్లీలీటర్ల చొప్పున వందకు పైగా శాంపిళ్లు వస్తాయి. రోజువారీ పనికి ఆ ఖర్చు దండగ కాదు.