నల్లగొండలో మతాల తులనాత్మక తరగతి: క్రీస్తు, హైలే సెలాసీ

నల్లగొండ క్లాక్ టవర్ సమీపంలోని ఒక అధ్యయన కేంద్రం సాయంత్రం పూట నడిపే తరగతిలో, క్రైస్తవమూ, జమైకాలో పుట్టిన రాస్తాఫరీ మతమూ దైవత్వాన్ని ఎవరికి, ఏ ఆధారంతో ఆపాదిస్తాయో వివరించిన పాఠం నాకు ఎంతో నచ్చింది.

యోహాను సువార్తలో యేసు ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అని స్వయంగా చెప్తాడు. 325లో జరిగిన క్రైస్తవ బిషప్పుల నైసియా సభ ఆ విశ్వాసాన్ని సిద్ధాంతంగా స్థిరపరిచింది. రాస్తాఫరీలో అలా కాదు. 1930 నవంబరులో ఇథియోపియా చక్రవర్తిగా పట్టాభిషిక్తుడైన హైలే సెలాసీ ఆర్థడాక్స్ క్రైస్తవుడు, తనను దేవుడిగా ప్రకటించుకోనివాడు. ఆయనలో దైవాన్ని చూసింది, బానిసత్వపు గాయం మానని జమైకాలోని పేద నల్లజాతి ప్రజలు. బైబిలు చివరి భాగమైన ప్రకటన గ్రంథంలోని ‘యూదా గోత్రపు సింహము’ అన్న మాటనూ, చక్రవర్తి బిరుదులోని అదే మాటనూ అధ్యాపకులు బోర్డు మీద పక్కపక్కనే రాసి చూపినప్పుడు, ఒకే గ్రంథం నుంచి రెండు దారులు ఎలా చీలాయో కళ్లకు కట్టింది. అణగారినవారి ఆశను మూఢనమ్మకమని కొట్టిపారేయకపోవడం ఈ పాఠానికి నిజమైన బలమని నా అభిప్రాయం.

అయితే 1975లో చక్రవర్తి మరణించాక ఆ విశ్వాసం ఎలా నిలిచిందన్న కీలకమైన ప్రశ్నను, రాస్తాఫరీ శాఖలన్నీ ఆయన విషయంలో ఒకేలా నమ్మవన్న సంగతినీ చివర్లో హడావుడిగా ముగించారు. దీనికి మరో తరగతి కేటాయించాలని నిర్వాహకులను కోరుతున్నాను.