పోర్టబుల్ కోత మిల్లు చక్రాలకు బి57 బెల్టులు: దీర్ఘకాల వాడకం తరువాత సమీక్ష

ఒహాయోలో మాకున్న కొద్దిపాటి అడవి భూమిలో యాష్ చెట్లు పురుగు పట్టి ఎండిపోయాక, వాటిని పొయ్యిలోకి పోనివ్వడం ఇష్టం లేక 19 అంగుళాల వ్యాసమున్న రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే బ్లేడుతో దుంగలను కోసే ఒక పోర్టబుల్ కోత మిల్లు కొన్నాను. 2002లో మిచిగన్‌లో మొదట బయటపడిన ఆ పచ్చటి పెంకు పురుగు ఈ ప్రాంతమంతటా మిగిల్చిన మోడులు ఏళ్ల తరబడి కోతకు సరిపోయాయి. ఇన్నేళ్ల వాడకంలో కోత నాణ్యతను బాగా మార్చగల చవక వస్తువుగా నాకు తేలినవి చక్రాల గాడుల్లో కూర్చునే రెండు రబ్బరు బెల్టులు. ఈ సమీక్ష వాటి గురించే.

మన ఊళ్ల కోత మిల్లుల్లో పెద్ద బ్యాండ్‌సా యంత్రాలను చూసినవారికి ఈ బెల్టుల సంగతి కొత్తగా అనిపించవచ్చు, ఎందుకంటే అక్కడ వెడల్పాటి బ్లేడు నేరుగా లోహపు చక్రం మీదే నడుస్తుంది. పోర్టబుల్ మిల్లులో సాధారణంగా వాడే బ్లేడు 32 మిల్లీమీటర్ల వెడల్పు, మిల్లీమీటరుకు కాస్త పైబడిన మందం మాత్రమే కలిగి ఉంటుంది. చక్రం చుట్టూ ఉన్న వి ఆకారపు గాడిలో బి సైజు వి-బెల్టును కూర్చోబెడతారు. దాని వీపు చక్రపు అంచు కన్నా కొంచెం ఎత్తుగా నిలుస్తుంది, బ్లేడు ఆ వీపునే తాకుతూ తిరుగుతుంది. అంటే ఈ బెల్టు ఇక్కడ చేసేది టైరు పని. బెల్టుల దుకాణంలో గొప్పగా చెప్పే లాగుడు బలం మనకు అంతగా అక్కరకు రాదు. చుట్టూ ఒకే ఎత్తు ఉన్నదా, రెండు చక్రాల మీదా అదే ఎత్తు ఉన్నదా అన్నవే చూసుకోవాలి.

కొలత విషయంలో రాజీ పనికిరాదు. బి57 అంటే లోపలి చుట్టుకొలత 57 అంగుళాలు, బయటి చుట్టుకొలత దాదాపు 60 అంగుళాలు. 19 అంగుళాల చక్రం చుట్టుకొలత 59.7 అంగుళాలు కనుక ఆ జోడీ కుదురుతుంది. చుట్టుకొలతలో ఒక అంగుళం తేడా వస్తే వ్యాసార్ధంలో దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. అయితే బెల్టు గాడిలో ఎంత లోతుకు దిగాలో దాని వెడల్పే నిర్ణయిస్తుంది కాబట్టి, పొట్టి బెల్టు అసలు ఎక్కదు, లేదా ప్రక్కలు నలిగేంత బిగిసి కూర్చుంటుంది. పొడవు బెల్టు వదులుగా ఉండి గాడిలో జరుగుతూ వేడెక్కుతుంది. చక్రం 19 అంగుళాలది కాకపోతే ఈ సంఖ్య వర్తించదు, పాత బెల్టు మీది అంకెనో మిల్లు మాన్యువల్‌నో చూడాలి. కొన్ని చిన్న మిల్లుల్లో ఇంజిన్ నుంచి వచ్చే పొడవాటి బెల్టే చోదక చక్రపు గాడిలో తిరిగి బ్లేడును కూడా మోస్తుంది. అక్కడ రెండు వైపులకూ రెండు వేర్వేరు కొలతలు కొనవలసి ఉంటుంది.

పనిముట్ల దుకాణంలో తరచుగా చేతికి వచ్చేది 5ఎల్600 అనే మరో రకం వి-బెల్టు. దాని వెడల్పూ బయటి చుట్టుకొలతా బి57కు సమానమే గనుక గాడిలో చక్కగా కూర్చుంటుంది, చూపుకు తేడా తెలియదు. కానీ అది తేలికపాటి పనికి చేసిన రకం, మందం సుమారు 0.8 మిల్లీమీటర్లు తక్కువ. అత్యవసరానికి వాడుకోవచ్చునేమో గాని, ఒక చక్రానికి అది, మరొక చక్రానికి బి57 వేయడాన్ని నేను సమర్థించను. లోపలివైపు పళ్లలాగా కోతలుండే బిఎక్స్57 ధర ఎక్కువ. ఆ కోతలు బెల్టును చిన్న పుల్లీల మీద సులువుగా వంచడానికి ఉద్దేశించినవి. ఇంత పెద్ద చక్రం మీద వాటి వల్ల లాభమేమీ లేదు, పైగా నా మిల్లులో అవి ఉన్నంతకాలం సన్నని అదురు వినిపించేది. గుడ్డ తొడుగున్న మామూలు బి57 జతను, ఒకే తయారీదారు నుంచి, వీలైతే ఒకే పెట్టెలోంచి తీసుకోవడం మేలు. కొనేముందు వీపు మీద వేలు పోనిచ్చి, తొడుగు అతుకు దగ్గర ఉబ్బు తగిలితే దానిని పక్కన పెట్టాలి.

ఎక్కించడం పెద్ద పని కాదు. ఇంజిన్ తాళం తీసేసి, బ్లేడు బిగువు వదిలి, చేతితొడుగులతో బ్లేడును పక్కకు తప్పించి, పాత బెల్టును మొండి మీటతో పైకి లేపితే వచ్చేస్తుంది. శ్రద్ధ పెట్టవలసింది గాడి శుభ్రత మీద: పైన్ బంకతో కలిసి గట్టిపడిన పొట్టు ఒక్కచోట మిగిలినా అక్కడ కొత్త బెల్టు ఎత్తుగా నిలిచి, ప్రతి చుట్టులో బ్లేడును ఒకసారి కుదుపుతుంది. తీగ బ్రష్‌తో చక్రం చుట్టూ గీకి, గుడ్డతో తుడిచాక, బెల్టును పైభాగాన గాడిలో పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పుతూ రబ్బరు సుత్తితో తడుతూ పోవాలి. పదునైన స్క్రూడ్రైవర్ తొడుగును చీల్చుతుంది. తరువాత చక్రపు అంచుకు దగ్గరగా ఒక పెన్సిల్‌ను కదలకుండా పట్టుకొని చక్రాన్ని నెమ్మదిగా తిప్పితే, బెల్టు ఎక్కడ లేచిందో కంటికే కనబడుతుంది.

అసలు పని ఆ తరువాత ఉంటుంది, చాలామంది దానిని వదిలేస్తారు. అరిగిన బెల్టు స్థానంలో కొత్తది వచ్చినప్పుడు చక్రం వ్యాసార్ధం కాస్త పెరుగుతుంది, దానితో కింది వైపు బ్లేడు గీత అంతే మేరకు కిందికి దిగుతుంది. బ్లేడును దారిలో ఉంచే గైడ్ రోలర్లు దానిని దాదాపు 6 మిల్లీమీటర్లు కిందికి నొక్కి ఉంచేలా అమర్చి ఉంటాయి. బ్లేడు ఒక మిల్లీమీటరు దిగితే ఆ నొక్కుడు ఒక మిల్లీమీటరు తగ్గినట్లే, కాబట్టి ముడులున్న దుంగలో బ్లేడు అలలుగా పోతుంది. అందువల్ల బెల్టులు మార్చిన ప్రతిసారీ నొక్కుడును తిరిగి కొలవాలి, రోలర్ అంచుకూ బ్లేడు వెనుక అంచుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల ఎడమున్నదో లేదో చూడాలి, 32 మిల్లీమీటర్ల బ్లేడు పళ్ల మధ్య గుంట చక్రపు ముందు అంచు నుంచి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండేలా చక్రం వాలును సరిచేయాలి. కొత్త బెల్టు మొదటి దుంగలతో గాడిలో మరికొంత సర్దుకుంటుంది కనుక, ఆ రోజంతా బిగువు గేజి మీద ఒక కన్ను ఉండాలి.

ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు గంటల లెక్క కన్నా ఎత్తే నమ్మదగిన కొలమానం. వుడ్-మైజర్ ఎల్‌టి40 అనే పోర్టబుల్ మిల్లు మాన్యువల్ ప్రతి 50 గంటలకు బెల్టులను చూసి, ఒక చక్రం మీదిదాన్ని మరొకదానికి మార్చమంటుంది. అది సబబైన సలహా, ఎందుకంటే బ్లేడును లాగే చక్రం మీది బెల్టే ముందుగా అరుగుతుంది. నేను చక్రపు అంచుల మీద అడ్డంగా స్టీలు స్కేలు పెట్టి చూస్తాను: బెల్టు వీపు స్కేలును స్పష్టంగా పైకి లేపకపోతే దాని కాలం తీరినట్లే. బ్లేడు లోహాన్ని తాకేదాకా ఆగితే పళ్లను అటూ ఇటూ వంచిన వంపు చెడుతుంది, బెల్టు ధరను మించిన బ్లేడు పోతుంది.

బెల్టును త్వరగా పాడుచేసేవి నూనె, వదలకుండా ఉంచిన బిగువు. బ్లేడు కందెనగా డీజిల్ బంకను బాగానే కరిగిస్తుంది గాని రబ్బరును మెత్తబరుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు కొద్దిగా కలిపిన నీరు నాకు పైన్‌కు కూడా చాలింది, చలికాలంలో దాని బదులు కారు అద్దాలు కడిగే ద్రవం పోస్తాను. కోత ముగిశాక బిగువు వదలకుండా రాత్రంతా ఉంచితే బ్లేడు ఒత్తిడికి బెల్టు ఆకారం చెడి, మర్నాడు మిల్లు దడదడలాడుతూ మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో ఇది మరీ ఎక్కువ.

ఒక సీజను రబ్బరు బదులు యురిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బెల్టులు కూడా వాడి చూశాను. అరుగుదల చాలా తక్కువ, నడక మృదువుగా ఉంటుంది, కానీ ధర అనేక రెట్లు, తడిసినప్పుడు పట్టు కొంచెం సడలింది. రోజంతా కోసి అమ్మేవారికి అవి గిట్టుబాటు కావచ్చు. వారాంతాల్లో కోసుకునే నాబోటివారికి మామూలు బి57 జత చాలు. ఇంకొక జతను ఎండ తగలని చోట, మడత పడకుండా వెడల్పాటి కొక్కేనికి వేలాడదీసి ఉంచుకుంటే, దుంగ మధ్యలో బెల్టు తెగినా ఆ రోజు పని ఆగదు.