నెల్లూరు నీళ్లలో స్పాంజ్ ఫిల్టర్, హ్యాంగాన్ ఫిల్టర్: చాన్నాళ్ల వాడకం తర్వాత

రెండడుగుల చేపల తొట్టికి ఏ ఫిల్టర్ కొనాలని అడిగితే నా జవాబు ఒకటే. ముందు రెండు స్పాంజులుండే ఎయిర్ ఫిల్టర్ కొనండి, డబ్బులుంటే ఆ తర్వాత హ్యాంగాన్ (తొట్టి అంచుకు వేలాడే మోటారు ఫిల్టర్) తగిలించండి. ఈ రెండింటినీ నెల్లూరు బోరు నీళ్లలోనూ, కార్పొరేషన్ కొళాయి నీళ్లలోనూ ఏళ్ల తరబడి నడిపి చెబుతున్న మాట ఇది. తొట్టి 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 12 ఎత్తు. లెక్క ప్రకారం దాదాపు 57 లీటర్లు. అడుగున ఇసుక, పైన రెండంగుళాల ఖాళీ పోను నిలిచేది 40 లీటర్లే. మందు వేసినా ఉప్పు వేసినా ఈ 40కే లెక్క కట్టాలి.

స్పాంజ్ ఫిల్టర్‌లో చెడిపోయే భాగం దాదాపు లేదు. బరువైన అడుగు, చిల్లుల గొట్టం, దానికి తొడిగిన రెండు స్పాంజులు, పైకి పోయే నిలువు గొట్టం, అంతే. గాలి బుడగలు గొట్టంలో పైకి లేస్తూ నీళ్లను కూడా లాక్కుపోతాయి, ఆ జాగాలోకి స్పాంజు గుండా నీళ్లు వస్తాయి. గాలి పైపును నేరుగా తగిలిస్తే పెద్ద పెద్ద బుడగలు గళగళమంటూ రాత్రి నిద్ర పట్టనివ్వవు. పైపు చివర చిన్న ఎయిర్ స్టోన్ గుచ్చి నిలువు గొట్టం లోపలికి దించితే బుడగ సన్నబడుతుంది, చప్పుడు తగ్గుతుంది, నీళ్లు ఇంకా బాగా లాగుతుంది. కొనేటప్పుడు స్పాంజును గట్టిగా పిండి వదలండి, వెంటనే పొంగాలి. రంధ్రాలు కంటికి కనిపించాలి. మరీ నున్నటిదైతే వారం పది రోజులకే మూసుకుపోతుంది. నాసిరకం స్పాంజు ఏడాది తిరిగేసరికి వేళ్ల మధ్య పొడిపొడిగా రాలుతుంది.

ఎయిర్ పంపు రెండు నాజిళ్లది, 4-5 వాట్లది చాలు. దాన్ని నీటి మట్టానికి పైన పెట్టాలి. కుదరకపోతే పైపు మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ తప్పనిసరి, బాణం గుర్తు తొట్టి వైపు ఉండాలి. అది లేకుండా పంపు కింద పెడితే, కరెంటు పోయినప్పుడు తొట్టి నీళ్లు పైపులో వెనక్కి జారి పంపులోకి దిగుతాయి.

నీళ్లను తేటగా ఉంచే విషయంలో మాత్రం స్పాంజు హ్యాంగాన్‌కు సాటి రాదు. హ్యాంగాన్ ఉంటే తేలే మేత ముక్కలు, నలుసులు గంటలో మాయమవుతాయి. దీంతో వచ్చే కార్బన్ కార్ట్రిడ్జ్‌ను నెలకోసారి మార్చమని డబ్బా మీద రాసి ఉంటుంది, ఆ మాట వినొద్దు. కార్ట్రిడ్జ్ పారేసిన రోజే దానిమీద పెరిగిన, చేపల మలం నుంచి వచ్చే విషపు అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా కూడా చెత్తలోకి పోతుంది, కొత్త తొట్టిలో నాలుగో వారానికి చేపలు మళ్లీ నీటి పైకొచ్చి నోళ్లు తెరవడానికి చాలాసార్లు ఇదే కారణం. కార్ట్రిడ్జ్ మొత్తం తీసేసి, నీళ్లు వచ్చే వైపు ముతక స్పాంజు ముక్క, దాని తర్వాత సిరామిక్ రింగులు నింపండి. లాగే గొట్టానికి ఒక చిన్న స్పాంజు తొడిగితే గప్పీ పిల్లలు లోపలికి పోవు.

హ్యాంగాన్‌కు మన ఎండాకాలం గిట్టదు. మే నెలలో ఫ్యాను కింద ఉన్న తొట్టిలో నీళ్లు నాలుగైదు రోజుల్లో అంగుళం దాకా దిగుతాయి. మట్టం తగ్గినప్పుడు కరెంటు పోయి వస్తే మోటారు నీళ్లందుకోలేక ఉత్తినే తిరిగి వేడెక్కుతుంది. మట్టం నిలపడానికి బోరు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీళ్లే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి, పోసిన కొద్దీ టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) పెరుగుతుంది. ఇందుకు మినరల్ వాటర్ ప్లాంటు క్యాను నీళ్లు సరైనవి.

మొత్తం తొట్టిని ఆ క్యాను నీళ్లతోనే నింపితే మాత్రం వేరే చిక్కు. అవి ఆర్వో నీళ్లు, వాటిలో ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) దాదాపు ఉండదు. బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే క్రమంలో, అమ్మోనియాలోని ఒక్కో మిల్లీగ్రాము నైట్రోజన్‌కూ సుమారు 7 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అది అయిపోగానే పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 6.5 కిందికి జారి బ్యాక్టీరియా పని మందగిస్తుంది. రెండు వారాలు చక్కగా దిగిన అమ్మోనియా ఉన్నట్టుండి ఒకచోట ఆగిపోయిందంటే ముందు పీహెచ్ చూడండి. 40 లీటర్లకు 4 గ్రాముల వంటసోడా కరిగించి పోస్తే ఆల్కలినిటీ లీటరుకు 60 మిల్లీగ్రాములు పెరుగుతుంది.

బోరు నీళ్లది దీనికి తలకిందులు. సముద్రం వైపు ఊళ్లలో ఉప్పదనం, ప్రకాశం పడమటి వైపు గట్టిదనం, పీహెచ్ 8 దాకా. బ్యాక్టీరియాకు ఇది అనుకూలమే, ముప్పు చేపలకే. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది ఒక శాతం లోపు. అదే పీహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది. అమ్మోనియా పరీక్ష కిట్‌లో రెండు చోట్లా ఒకే రంగు వస్తుంది, చేప మొప్పకు మాత్రం పది రెట్లకు దగ్గరగా తేడా. అందుకే ఇక్కడ చేపలు వేసి సైక్లింగ్ (కొత్త తొట్టి ఫిల్టర్‌లో ఆ బ్యాక్టీరియాను పెంచడం) చేయడం నాకు అసలు ఇష్టం లేదు. సగం బోరు, సగం క్యాను నీళ్లు కలిపి మొదలుపెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన దారి.

చేపలు లేకుండా సైక్లింగ్‌కు కావలసింది అమ్మోనియం క్లోరైడ్. కళాయి వేసేవాళ్లు వాడే నవాసారం కూడా అదే, కానీ అందులో ఏ లోహాలు కలిశాయో తెలియదు కాబట్టి ల్యాబ్ కెమికల్స్ షాపులో కొనండి. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి సీసాలో ఉంచుకోండి. అందులో 24 మిల్లీలీటర్లు 40 లీటర్ల తొట్టిలో పోస్తే అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. ఫిల్టర్లు రేయింబవళ్లు నడవాలి. మన వాతావరణంలో నీళ్లు 28-30 డిగ్రీల్లో ఉంటాయి, హీటర్ అక్కర్లేదు. మొదటి వారం ఏమీ కదలదు, నీళ్లు తెల్లగా మసకబారినా బారతాయి. ఫిల్టర్ కడగొద్దు, నీళ్లు మార్చొద్దు, ఆ మసక దానంతటదే పోతుంది. రెండో వారంలో అమ్మోనియా దిగడం మొదలై నైట్రైట్ (అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారి మధ్యలో వచ్చేది, ఇదీ చేపలకు విషమే) లేస్తుంది. నైట్రైట్ పరీక్షలో రంగు పట్టీ చివరికి చేరితే, తొట్టి నీళ్లు ఒక వంతుకు క్యాను నీళ్లు నాలుగు వంతులు కలిపి మళ్లీ చూసి, వచ్చిన అంకెను 5తో హెచ్చించండి. 5 పీపీఎం దాటితే సగం నీళ్లు మార్చండి. సాయంత్రం 2 పీపీఎం పోస్తే మర్నాడు సాయంత్రానికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా కావాలి. వరసగా రెండు రోజులు అలా వస్తే ముప్పాతిక నీళ్లు మార్చి చేపలు వేయొచ్చు. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. తెలిసినవాళ్ల పాత తొట్టిలోని స్పాంజును మీ తొట్టిలో పిండించుకుంటే అందులో సగమూ పట్టదు. ఆ తొట్టిలో చేపలకు జబ్బు లేదని మాత్రం చూసుకోండి.

కిట్ మీద అనుమానముంటే నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు రొయ్యల రైతుల కోసం నడిచే ఆక్వా ల్యాబులున్నాయి. అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ, హార్డ్‌నెస్ అన్నీ చూస్తారు. సీసాను మూతి దాకా నింపి అదే రోజు ఇవ్వండి, మంచినీటి తొట్టి అని ముందే చెప్పండి.

అదే బజారులో ఆక్వా షాపుల సరుకు కొనేముందు ఆలోచించాలి. చెరువు ప్రోబయోటిక్స్‌లో (చెరువులో వేసే బ్యాక్టీరియా సరుకు) చాలావాటిలో ఉండేది బాసిల్లస్ అనే బ్యాక్టీరియా. అది అడుగు చెత్తను కుళ్లబెడుతుంది, ఆ పనిలో అమ్మోనియా వదులుతుంది, నైట్రేట్‌గా మార్చదు. లేబుల్ మీద నైట్రోసోమోనాస్, నైట్రోబ్యాక్టర్ పేర్లు లేకపోతే సైక్లింగ్‌కు అది ఉపయోగపడదు. జియోలైట్ అనే ఖనిజం అమ్మోనియాను పట్టేస్తుంది, బ్యాక్టీరియాకు తిండి లేకుండా పోతుంది. పైగా ఉప్పు వేసిన రోజు పట్టుకున్నదంతా తిరిగి వదులుతుంది. తొట్టి కుదిరేదాకా దాన్ని దూరంగా పెట్టండి. అక్కడ నిజంగా పనికొచ్చే సరుకు సోడియం థయోసల్ఫేట్. 10 గ్రాములు 100 మిల్లీలీటర్లలో కలిపి, 20 లీటర్ల బకెట్ కొళాయి నీళ్లకు ఒకటిన్నర మిల్లీలీటర్లు వేస్తే క్లోరిన్ విరుగుతుంది.

చేపలు ఇప్పటికే వేసేసి ఉంటే అమ్మోనియా 0.5 దాటిన ప్రతిసారీ సగం నీళ్లు మార్చండి, మేత రోజు విడిచి రోజు చిటికెడు. నైట్రైట్ కనిపిస్తే లీటరుకు ఒక గ్రాము చొప్పున 40 గ్రాముల కల్లుప్పు. అందులోని క్లోరైడ్, నైట్రైట్‌ను మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు. రెండడుగుల తొట్టిలో గోల్డ్ ఫిష్ వద్దు, ఈ ఫిల్టర్లు రెండూ కలిసినా దాని మలానికి చాలవు. మన నీళ్లకు మోలీలు, గప్పీలు హాయిగా ఉంటాయి.

కరెంటు కోతలప్పుడు స్పాంజ్ ఫిల్టర్ విలువ తెలుస్తుంది. 5 వాట్ల పంపు ఇంటి ఇన్వర్టర్ మీద రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టర్ లేకపోతే చార్జింగ్ ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకోండి. హ్యాంగాన్ చాలా గంటలు ఆగిపోయి ఉంటే లోపలి స్పాంజును కడిగి మళ్లీ నడపండి, లోపల కుళ్లింది నేరుగా తొట్టిలోకి రాకూడదు.

కడగడం ఎప్పుడూ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే. బకెట్‌లో ముంచి పిండితే డికాషన్ రంగు నీళ్లు వస్తాయి. మూడు నాలుగు పిండులకు ఆపేయండి, తెల్లబడేదాకా పిండొద్దు. రెండు స్పాంజుల్లో ఈసారి ఒకటి, రెండు వారాల తర్వాత ఇంకొకటి. హ్యాంగాన్ ఇంపెల్లర్‌ను (మోటారులో తిరిగే రెక్కల చక్రం) నెలకోసారి తీసి, అయస్కాంతం చుట్టూ పట్టిన జిగురును పాత టూత్‌బ్రష్‌తో రుద్దాలి. బోరు నీళ్లు వాడేచోట ఎయిర్ స్టోన్, గొట్టం అంచుల మీద తెల్లటి సున్నం పేరుకుంటుంది, వాటిని వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే వదులుతుంది. ఎయిర్ పంపు చప్పుడు పెరిగి బుడగలు తగ్గాయంటే లోపలి రబ్బరు డయాఫ్రమ్ పగిలినట్టే. స్క్రూలు విప్పి ఆ ముక్క మారిస్తే పంపు మళ్లీ కొత్తదానిలా పనిచేస్తుంది. అందుకే పంపు కొనేటప్పుడే దాని సైజు డయాఫ్రమ్ జత ఒకటి కూడా అడిగి తెచ్చుకోండి.