‘గూగుల్‌లో మీ షాపు ఫస్ట్ పేజీలో’ అంటూ వచ్చేవాళ్ళతో జాగ్రత్త: తిరుపతి చిన్న వ్యాపారులకు హెచ్చరిక

తిరుపతిలో షాపు, మెస్సు, లాడ్జి, ట్రావెల్స్, బ్యూటీ పార్లర్ ఏది నడుపుతున్నా సరే, "డిజిటల్ మార్కెటింగ్ ప్యాకేజీ" అని ఫైలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళను ఒకటికి రెండుసార్లు ఆరా తీయండి. ఏడాది డబ్బు ముందే కట్టమంటే అక్కడే ఆపేయండి. మాది ఇత్తడి, రాగి పూజా సామాన్ల షాపు, గాంధీ రోడ్డు దగ్గర ఒక సందులో. మాతో ఒక కంపెనీ చేసిన నిర్వాకం ఇది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు తెలిసినా పెద్ద లాభం లేదు, అవి మారుతూనే ఉంటాయి.

మొదట ఫోన్ వచ్చింది. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం సార్, మీ షాపు లిస్టింగ్ ఈ రోజుతో ఎక్స్‌పైర్ అవుతోంది" అని. కౌంటర్లో ఉన్నది మా నాన్న. మరుసటి రోజే మనిషి దిగాడు. "పెద్దాయనా, పక్క షాపువాళ్ళు ఆల్రెడీ తీసుకున్నారు. యాత్రికులు ఫోన్‌లో చూసుకుని నేరుగా వాళ్ళ దగ్గరికే పోతారు" అని భయపెట్టాడు. పక్క షాపాయన్ని తర్వాత అడిగితే, అదే మనిషి ఆయన దగ్గర మా పేరు చెప్పాడంట!

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. దాన్ని గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అంటారు, 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవాళ్ళు. దానికి గడువు లేదు, రెన్యువల్ లేదు. ఇక ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ సంగతి. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే తన సైట్‌లో రాసి పెట్టింది. కాబట్టి "గూగుల్ నుంచి" అని ఫోన్ చేసి డబ్బడిగితే ఆ ఒక్క మాటతోనే దొంగ ఎవరో తేలిపోయినట్టే.

ప్యాకేజీలో ఏమేం ఇస్తామన్నారంటే గూగుల్ లిస్టింగ్, వెబ్‌సైట్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్, వాట్సాప్ మెసేజీలు, రివ్యూలు. నెలనెలా రిపోర్టు కూడా. రిపోర్టు మాత్రం ఠంచనుగా వచ్చేది, ఒప్పుకోవాలి. రంగురంగుల గ్రాఫులు, లక్షల్లో "రీచ్" (యాడ్ ఎంతమందికి కనపడిందనే లెక్క), పైకి పైకి పోయే బాణం గుర్తులు. షాపుకు వచ్చే జనం మాత్రం ఎప్పటిలాగే గోవిందరాజస్వామి గుడి నుంచి అటుగా నడుచుకుంటూ వచ్చేవాళ్ళే.

యాడ్స్ మేనేజర్ (ఫేస్‌బుక్ యాడ్స్ సెట్టింగులు, ఖర్చు కనపడే పేజీ) ఒక్కసారి నేరుగా చూపించండి అని అడిగితే "అది టెక్నికల్, మీకు అర్థం కాదు మేడమ్" అన్నారు. గట్టిగా పట్టుబడితే ఒక స్క్రీన్ షేర్ పెట్టారు. అప్పుడు బయటపడింది. యాడ్ లొకేషన్: ఇండియా మొత్తం. వయసు: 18 నుంచి 65 పైన దాకా, అంటే అందరూ. యాడ్ లక్ష్యం: ఎంగేజ్‌మెంట్, అంటే లైకులు తెచ్చే రకం. గువాహటిలో ఒక కుర్రాడు మా దీపపు కుందె ఫోటోకు లైక్ కొడితే మాకు ఒరిగేదేంటి? ఫేస్‌బుక్ యాడ్‌లో షాపు అడ్రస్ చుట్టూ ఇన్ని కిలోమీటర్లు అని గీత గీసుకోవచ్చు. ఫోన్ కాల్స్ వచ్చేలానో, వాట్సాప్ మెసేజీలు వచ్చేలానో పెట్టుకోవచ్చు. మన ఊరికి వచ్చే యాత్రికుల్లో తమిళులు, కన్నడిగులు ఎంతమందో మనందరికీ తెలిసిందే. ఒక్కటంటే ఒక్క యాడ్ తమిళంలో లేదు, కన్నడంలో లేదు. తిరుపతి వ్యాపారం గురించి ఓనమాలు తెలిసినవాడు ఎవడూ ఇలా చేయడు.

ఖర్చు లెక్క ఇంకా ఘోరం. యాడ్స్ కోసమని మా దగ్గర తీసుకున్న దాంట్లో ఐదోవంతు కూడా ఫేస్‌బుక్‌కు చేరలేదు. ఇది ఆ స్క్రీన్ మీద "అమౌంట్ స్పెంట్" అనే గడిలో కనిపించింది. మిగతాది ఏమైందంటే "సర్వీస్ ఛార్జ్" అన్నారు. అందుకే చెప్తున్నాను, యాడ్ డబ్బు ఏజెన్సీ చేతికి ఇవ్వొద్దు. యాడ్ అకౌంట్ మీ పేరు మీద, మీ కార్డుతోనో యూపీఐతోనో ఉండాలి, మీ జీఎస్టీ నంబరు అందులో వేసుకోవాలి. అప్పుడు బిల్లు నేరుగా మీ పేరు మీదే వస్తుంది. పని చేసిపెట్టినందుకు ఏజెన్సీకి వాళ్ళ ఫీజు వేరే ఇవ్వండి.

రివ్యూల సంగతి చెప్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఒకే రాత్రి మా షాపుకు ఫైవ్ స్టార్ రివ్యూలు కుప్పలు తెప్పలుగా పడ్డాయి. ఒకాయన "రూములు చాలా నీట్‌గా ఉన్నాయి, చెకిన్ త్వరగా అయింది" అని రాశాడు. ఇంకొకావిడకు మా దగ్గర పనీర్ బిర్యానీ తెగ నచ్చేసింది. ఇత్తడి చెంబులు అమ్మే షాపు! ఈ రివ్యూలు చదివి మా పాత కస్టమర్ ఒకాయన "ఏమ్మా, హోటల్ పెట్టినారా, చెప్పనే లేదే" అని ఫోన్ చేశాడు. నకిలీ రివ్యూలను గూగుల్ తీసేస్తుంది. దొరికితే కొంతకాలం కొత్త రివ్యూలు పడకుండా ఆపుతుంది, ప్రొఫైల్ మీద హెచ్చరిక కూడా చూపించవచ్చు. మా విషయంలో ఆ నకిలీవాటితో పాటు ఏళ్ళ తరబడి నిజమైన కస్టమర్లు రాసిన కొన్ని రివ్యూలు కూడా కొట్టుకుపోయాయి. వాటిలో కాంచీపురం నుంచి వచ్చే ఒక పెద్దావిడ రాసిన రెండు లైన్ల తమిళం రివ్యూ ఉండేది. అది పోయినందుకు నాకు ఇప్పటికీ కడుపు మండుతూనే ఉంది.

వెబ్‌సైట్‌లో "మా గురించి" పేజీ తెరిస్తే మేము మొరాదాబాద్‌లో తయారీదారులమని, విదేశాలకు ఎగుమతి చేస్తామని ఉంది. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చి అతికించారు. దాని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇంకోటి. క్లిక్కులు పెంచడానికి మా పేజీ పేరు మీదే "శ్రీవారి వీఐపీ దర్శనం టికెట్లు" అని ఒక యాడ్ వదిలారు. దాన్ని నొక్కితే మా వెబ్‌సైట్‌కు వస్తుంది. మా తమ్ముడి ఫ్రెండ్ స్క్రీన్‌షాట్ పంపాడు కాబట్టి తెలిసింది. ఆన్‌లైన్ టికెట్లు అధికారిక వెబ్‌సైట్‌లో, యాప్‌లోనే తీసుకోవాలని టీటీడీ నెత్తీనోరూ కొట్టుకుని చెబుతోంది. నకిలీ సైట్ల మీద కేసులు పెడుతోంది. రేపు పోలీసులు వస్తే ఏజెన్సీ దగ్గరికి పోతారా, బోర్డు మీద పేరున్న మా దగ్గరికి వస్తారా? అడిగితే "ట్రాఫిక్ కోసం మేడమ్, అందరూ చేస్తారు" అన్నారు. ఆ రోజే రాతపూర్వకంగా మెయిల్ పెట్టి, ప్యాకేజీ ఆపేస్తున్నామని చెప్పేశాం.

అసలు ఆట అప్పుడు మొదలైంది.

ఆపేస్తున్నామన్న కొన్నాళ్ళకే గూగుల్‌లో మా షాపు పేరు కొడితే కింద ఎర్రక్షరాల్లో "శాశ్వతంగా మూసివేయబడింది" అని కనపడింది. అదీ బ్రహ్మోత్సవాల ముందు. షట్టర్ తీసి ఉంది, నాన్న కౌంటర్లో కూర్చుని దీపాలు తుడుస్తున్నారు, ఫోన్‌లో మాత్రం షాపు లేదు. లిస్టింగ్ ఓనర్‌గా వాళ్ళ జీమెయిల్ ఉంది, మాకు ఉన్నది ఏమీ లేదు. దాంట్లో ఫోన్ నంబరు కూడా ఎప్పుడో వాళ్ళ నంబరుకు మార్చేశారు. వేలూరు నుంచి ఒక కస్టమర్ మాకోసం ఫోన్ చేస్తే "స్టాక్ లేదు" అని పెట్టేశారంట. వెబ్‌సైట్ డొమైన్ (సైట్ అడ్రస్) కూడా వాళ్ళ పేరు మీదే. ఫేస్‌బుక్ పేజీలో ఫుల్ కంట్రోల్ వాళ్ళదే. ఇవన్నీ తిరిగి ఇవ్వాలంటే "ట్రాన్స్‌ఫర్ ఛార్జ్" అని ఇంకో పాతికవేలు అడిగారు. ప్యాకేజీకి పోయిన డబ్బు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మన షాపు తాళంచెవి పరాయివాడి మొలకు వేలాడుతున్నట్టు ఉంటుంది ఆ పరిస్థితి.

రూపాయి ఇవ్వకుండా గూగుల్ లిస్టింగ్ వెనక్కి తెచ్చుకున్నాం. ఎలాగో రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. మ్యాప్స్‌లో మీ షాపు తెరిచి, ఇది నాది అని క్లెయిమ్ చేసే లింక్ నొక్కితే ఇప్పటికే ఓనర్ ఉన్నారని చూపించి, యాజమాన్యం కోరుతూ రిక్వెస్ట్ పంపే అవకాశం ఇస్తుంది. అవతలివాళ్ళు జవాబు ఇవ్వడానికి 3 రోజులు గడువు. ఇవ్వకపోతే చాలాసార్లు మీరే క్లెయిమ్ చేసుకునే దారి వస్తుంది. కాదన్నా అప్పీలు చేసుకోవచ్చు. మాకు వీడియో వెరిఫికేషన్ అడిగారు. అది ఎడిట్ చేయకుండా ఒకే టేకులో తీయాలి. వీధి కనపడాలి, బోర్డు కనపడాలి, షాపు మీదేనని తెలిసే పని ఏదైనా చేసి చూపించాలి. మా తమ్ముడు సందు మొదట్లో నుంచి ఫోన్ పట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు, పక్క షాపుల బోర్డులు కూడా పడేలా. నాన్న బోర్డు కింద నిలబడి షట్టర్ తాళం తీశారు, లోపలికి వచ్చి గల్లాపెట్టె తెరిచారు, గోడకున్న ట్రేడ్ లైసెన్సు దగ్గరికి ఫోన్ తీసుకెళ్ళాం. జీఎస్టీ సర్టిఫికెట్, కరెంటు బిల్లు కూడా దగ్గర పెట్టుకోండి, పేరు, అడ్రస్ బోర్డుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి.

ఫేస్‌బుక్ పేజీ మాత్రం రాలేదు, కొత్తది పెట్టుకున్నాం. డొమైన్ వదిలేశాం.

ఇప్పుడు ఎవరికైనా పని అప్పగించాలంటే ముందు చూడాల్సింది ఇదే. లిస్టింగ్‌కు ప్రైమరీ ఓనర్ మీ జీమెయిల్. వాళ్ళను మేనేజర్‌గా మాత్రమే చేర్చండి, పని అయిపోతే తీసేయొచ్చు. డొమైన్ మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో మీరే కొనండి, మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టుపక్కలే అవుతుంది. ఓటీపీ వస్తే చెప్పమంటే చెప్పకండి, మీరే ఎంటర్ చేయండి. ఇవి ఒప్పుకోనంటే వాళ్ళకు దండం పెట్టి పంపించేయండి.

వాట్సాప్ విషయంలో కూడా ఒకటి చెప్పాలి. మా బిల్లు పుస్తకాల్లో ఉన్న కస్టమర్ల నంబర్లు ఫోటోలు తీసుకుని, ఏదో సాఫ్ట్‌వేర్‌తో వేలల్లో మెసేజీలు కొట్టారు. దెబ్బకు మా నంబరు వాట్సాప్‌లో బ్యాన్ అయింది. క్యారీబ్యాగుల మీద, బోర్డు మీద అచ్చు వేయించిన నంబరు అది! బ్యాన్‌ను మళ్ళీ పరిశీలించమని వాట్సాప్‌ను కోరితే, చాలా తిప్పలు పడ్డాక నంబరు తిరిగి వచ్చింది. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకు 256 మంది వరకు పెట్టుకోవచ్చు, అదీ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. అంతకు మించి పంపాలంటే వాట్సాప్ అధికారిక బిజినెస్ ప్లాట్‌ఫాం ఉంది, మెసేజ్ లెక్కన డబ్బు పడుతుంది. మామూలు ఎస్ఎంఎస్‌ల సంగతైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (మెసేజీలు పంపే వ్యాపారాలు నమోదయ్యే వ్యవస్థ) రిజిస్టర్ కాకుండా, హెడర్ (పంపేవారి పేరు), టెంప్లేట్ (మెసేజ్ నమూనా) ఆమోదం లేకుండా ప్రమోషన్ మెసేజీలు పంపకూడదు. మామూలు పది అంకెల నంబరు నుంచి బల్క్ కొడతామంటే అది దొంగదారే. ఇంకో అనుమానం కూడా ఉంది. ఆ నంబర్ల ఫోటోలు తీసుకున్నాక మా కస్టమర్లు కొందరికి లోన్ యాప్‌ల మెసేజీలు మొదలయ్యాయి. రుజువు లేదు కాబట్టి అంతకన్నా అనను.

అందరూ ఇలాంటివాళ్ళే అనడం లేదు. ఇప్పుడు మాకు యూనివర్సిటీలో చదివే ఒక అమ్మాయి వారానికోసారి వచ్చి రీల్స్ తీసిపెడుతోంది. చింతపండుతో ఇత్తడి బిందె తోమితే నలుపు వదిలి మెరిసే వీడియోకు వచ్చినన్ని ఎంక్వైరీలు ఆ లక్షల "రీచ్"కు రాలేదు. మేనేజర్ యాక్సెస్ మాత్రమే ఇచ్చాం, ఇంకేం అడగలేదు పాపం.

ఫిర్యాదుల విషయానికి వస్తే, గూగుల్ పేరు చెప్పి డబ్బు లాగారు కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కూడా పెట్టాం. మోసం జరిగిన వెంటనే చేస్తే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ, కాబట్టి ఆలస్యం చేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. వ్యాపారం కోసం తీసుకున్న సేవ కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని కంపెనీవాళ్ళు వాదిస్తున్నారు. కానీ బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా చేసుకునే మాలాంటివాళ్ళు వినియోగదారుల కిందికే వస్తారన్నది మా వాదన. 5 లక్షల లోపు అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు, రెండేళ్ళ లోపు వేయాలి.

వాళ్ళిచ్చిన బిల్లు కూడా ఒకసారి చూడండి. మా బిల్లులో 18 శాతం జీఎస్టీ వేశారు. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే రిజిస్ట్రేషన్ ఎప్పుడో రద్దయిపోయింది. వెతకడం ఉచితం, నిమిషం పట్టదు. మీలో ఎవరి దగ్గరైనా రద్దయిన నంబరుతో ఇలాంటి బిల్లు ఉంటే పారేయకండి. ఒకే రకం నష్టం జరిగినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఇప్పటికి మాతో పాటు బైరాగిపట్టెడలో మెస్సు నడిపే అక్క, రేణిగుంట రోడ్డులో టైర్ల షాపు అన్న ముందుకొచ్చారు. మిగతావాళ్ళు కూడా బిల్లు, వాట్సాప్ చాటింగ్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని రండి, లాయరు దగ్గరికి కలిసే పోదాం.