బరంపురం ఉక్కలో 113 కిలోమీటర్లు: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఈదాలి

ఈత 1.9 కిలోమీటర్లు, సైకిల్ 90, పరుగు 21.1. ఈ మూడూ వరుసగా చేసే ఐరన్‌మ్యాన్ పోటీ దూరంలో సగం. గోవాలో రుసుము కట్టి ఇదే దూరం చేసే పోటీ 2019లో మొదలైంది. మాది అంత పెద్ద వ్యవహారం కాదు. ఒడిశాలోని బరంపురం తెలుగు మిత్రులు కొందరు, విశాఖ నుంచి మేము, హైదరాబాద్ నుంచి మరికొందరు కలిసి సెప్టెంబరులో పెట్టుకున్న పందెం. నిర్వాహకులంటూ ఎవరూ లేరు కనుక నీళ్లు, ఐసు, పడవ, బస అన్నీ మేమే వెతుక్కున్నాం.

సముద్రం ఉంది కదా అని అందరి చూపూ మొదట గోపాల్‌పూర్ మీదికే పోతుంది. నేనైతే అక్కడ ఈతకు ఒప్పుకోను. అలలు ఒడ్డు దగ్గరే విరిగి పడతాయి, కాళ్ల కింద ఇసుకను లాగేస్తాయి. రంభ దగ్గర చిలికా సరస్సు ప్రశాంతంగానే ఉంటుంది, కానీ లోతు తక్కువ. నాచు, జాలర్ల వలలు చేతులకు తగులుతాయి. చివరికి ఛత్రపురం పక్కనున్న తంపర చెరువు ఖాయమైంది. మంచినీటి చెరువు, అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 2021లో చేరింది. ముందుగా అడిగి అనుమతి తీసుకున్నాం, తోడుగా పడవ పెట్టుకున్నాం. ఈతలో చలి ఆపే రబ్బరు దుస్తులు, అదే వెట్‌సూట్, దాని ఊసే లేదు. ఐరన్‌మ్యాన్ నిబంధనల ప్రకారం నీరు 24.5 డిగ్రీలు దాటితే అది వేసుకున్నవారికి బహుమతి రాదు. ఇక్కడ తెల్లవారుజామునే నీరు గోరువెచ్చగా ఉంది.

బస విషయంలో మా బృందం రెండుగా చీలింది. కొందరు గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా ఉన్న హోటల్లో దిగారు. దృశ్యం బాగుంది, పరుపులు తేమగా ఉన్నాయి. సైకిళ్లు గదిలోకి తేకూడదన్నారు. రాత్రంతా ఉప్పుగాలిలో బయటే నిలబెడితే పొద్దున గొలుసు మీద తుప్పు కనిపించింది. ఎనిమిదికి ముందు టిఫిన్ లేదు. మేము బరంపురం స్టేషన్ దగ్గర మామూలు లాడ్జిలో దిగాం. గుమాస్తా తెలుగాయనే. "సైకిళ్లు పైకి మోసుకెళ్లండి బాబూ, చక్రాలు మాత్రం తుడిచి తీసుకెళ్లండి" అన్నాడు. తెల్లవారుజామున మూడున్నరకు వేడి ఇడ్లీ ఇప్పించాడు. అద్దె సగం. తంపర అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి కూడా ఊళ్లోనే ఉంది. ఇలాంటి పందేనికి వచ్చేవారు సముద్రం కనిపించే కిటికీ కోసం డబ్బు పెట్టడం దండగ.

సైకిల్ దారి 16వ నంబరు జాతీయ రహదారి. ఋషికుల్య వంతెన, గంజాం ఊరు, హుమ్మా ఉప్పు మళ్లు, రంభ, ఆపైన ఎడమన కొండలు, కుడిన చిలికా. బాలుగావ్ వైపు 45 కిలోమీటర్ల దగ్గర వెనక్కి తిరిగాం. రోడ్డు నునుపు, లారీలు ఎక్కువ. వెనుదిరిగాక నైరుతి గాలి మొహానికి కొట్టి కాళ్లు పీకేసింది. సన్న టైర్లకు పట్టే ట్యూబులు దారిలో మాకెక్కడా దొరకలేదు, వెంట తెచ్చుకోవలసిందే.

అసలు పరీక్ష సైకిల్ దిగాకే. సైకిల్ మీద గంటకు ఇరవై ఎనిమిది, ముప్పై కిలోమీటర్ల వేగానికి పుట్టే గాలి చెమటను ఆరబెట్టేస్తుంది, ఒళ్లు చల్లబడుతుంది. పరుగులో ఆ గాలి ఉండదు. చుట్టూ గాలి నిండా తేమే కనుక చెమట ఆరదు, కారిపోతుంది. కారిన చెమట వల్ల నీరూ ఉప్పూ పోవడమే తప్ప చలవ రాదు. గోపాల్‌పూర్ బీచ్ రోడ్డులో పరుగెడదామన్నవాళ్లను నీడ చుక్క లేదని ఆపి, తంపర పక్క దారిలోనే ముందుకూ వెనక్కూ పరుగెత్తాం. నీళ్ల బల్ల ఒకటే చాలింది.

ఆ బల్ల మీద అందరికంటే ఎక్కువ పని చేసింది చేపల వ్యాపారి దగ్గర కొన్న ఐసు. తాగడానికి కాదు. టోపీలో, మెడ చుట్టూ తువ్వాల్లో చుట్టుకోవడానికి. తాగడానికి ఓఆర్‌ఎస్, బరంపురం పిన్నిగారు సీసాల్లో పోసి పంపిన తరవాణి. నంజుకోవడానికి ఆ ఊరి నిమ్మకాయ ఊరగాయ. పరుగులో శక్తి కోసం మింగే ఖరీదైన జెల్ పొట్లాలు ఆ వేడికి జిగురు కట్టి ఎవరికీ దిగలేదు. హైదరాబాద్ మిత్రుడొకరు దారి పొడవునా ఉత్త నీళ్లే తాగాడు. పదమూడో కిలోమీటరుకు వేళ్లు ఉబ్బాయి, తలనొప్పి, వికారం. నీళ్లు మాన్పించి, ఉప్పు తినిపించి, నీడలో కూర్చోబెట్టేశాం. పందెం వదిలెయ్యమంటే కాసేపు అలిగాడు. మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే మాత్రం అది వడదెబ్బ. ఆసుపత్రికి బయలుదేరేముందే ఐసు నీళ్లతో ఒళ్లు తడిపి చల్లార్చాలి, ఆ తర్వాతే బండి. అందుకోసమే పెద్ద తొట్టె నిండా నీళ్లు, ఐసు సిద్ధంగా ఉంచాం. దాని అవసరం పడలేదు.

వేడికి ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అందుకే హైదరాబాద్ నుంచి ముందురోజు దిగిన వాళ్లకంటే రోజూ ఆ ఉక్కలోనే తిరిగే బరంపురం వాళ్లు చివరి గంటలో హాయిగా పరుగెత్తారు. గెలిచింది కూడా వాళ్లలో ఒకరే.

కుటుంబంతో వచ్చేవారు పందెం మర్నాటికి రంభ పెట్టుకోవచ్చు. పడవ షికారు, రొయ్యల కూర, కాళ్లకు విశ్రాంతి. తిరుగు రైలుకు మాత్రం చాలా ముందుగా స్టేషన్ చేరాలి. సైకిళ్లు పార్సిల్‌లో వేయాలి, ఆ కాగితాల పని అనుకున్నంత త్వరగా తెమలదు.