ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఎంతవరకు చాలుతుంది, కార్డు ఎప్పుడు తప్పదు: 5600జీ, ఆర్టీఎక్స్ 3060 దీర్ఘకాల వాడకం

గ్రాఫిక్స్ చిప్ లోపలే ఉన్న (ఇంటిగ్రేటెడ్) ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీని మొదట విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా చాలాకాలం వాడాను. తర్వాత అదే బోర్డు మీద 12 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా కార్డు ఆర్టీఎక్స్ 3060 బిగించాను. రెండూ బాగా నలిగాక నా తీర్పు ఇది: ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ నెమ్మదిగా ఉందనిపిస్తే ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని. ఆ సంగతి తేల్చుకోకుండా కార్డు కొనకండి.

5600జీలోని గ్రాఫిక్స్ భాగం వేగా 7కి సొంత మెమరీ ఉండదు. ప్రాసెసర్ వాడే ర్యామ్‌నే అదీ పంచుకోవాలి. డీడీఆర్4 3200 ర్యామ్ స్టిక్ ఒకటి పెడితే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ డేటా కదులుతుంది, రెండు పెడితే 51.2 జీబీ. 3060 కార్డు మీదున్న మెమరీకి ఆ అంకె 360 జీబీ, అదంతా గ్రాఫిక్స్ పనికే. కాబట్టి 16 జీబీ కావాలనుకుంటే ఒకే స్టిక్ కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి. ఒకే స్టిక్‌తో కొన్ని గేముల్లో మూడో వంతుకు పైగా ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) పోతాయి. సగటు పర్వాలేదనిపించిన చోట కూడా కెమెరా గిర్రున తిప్పగానే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

రెండు స్టిక్‌లు కొన్నంత మాత్రాన కాదు, సరైన స్లాట్లలో పెట్టాలి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది. పక్కపక్కనే గుచ్చితే చాలా బోర్డుల్లో రెండూ ఒకే చానెల్‌లో, అంటే ప్రాసెసర్‌కి వెళ్లే ఒకే డేటా దారిలో పడతాయి, వేగం మళ్లీ సగమే. తర్వాత బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరిచే బోర్డు సెట్టింగ్‌లు) ర్యామ్‌ని దాని మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి, కొన్ని బోర్డుల్లో దాన్నే డీఓసీపీ అంటారు. లేకపోతే స్టిక్ మీద 3200 అని ఉన్నా అది 2133 దగ్గరే ఆగిపోవచ్చు, అప్పుడు రెండు స్టిక్‌లు కలిపినా 34.1 జీబీయే. స్పీడ్ ఎంతో టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చెబుతుంది. చానెళ్ల సంగతి సీపీయూ-జెడ్ అనే టూల్‌లో మెమరీ ట్యాబ్‌లో చూడండి.

బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అని ఇంకో సెట్టింగ్ ఉంటుంది. దాన్ని పెంచితే గేములు పరిగెడతాయని చాలామంది నమ్మకం. నిజానికి అది ర్యామ్‌లో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ పేరిట పక్కన పెట్టడమే. అది చాలకపోతే మిగతా ర్యామ్ నుంచి విండోస్ ఎలాగూ ఇస్తుంది. వీడియో మెమరీ తక్కువగా ఉందని తెరుచుకోని గేములకు మాత్రం 2 జీబీ పెట్టడం పనికొస్తుంది. మొత్తం ర్యామే 8 జీబీ ఉన్న పీసీలో అలా పెడితే విండోస్‌కి 6 జీబీ మిగిలి, బ్రౌజర్ తెరవగానే ఇబ్బంది మొదలవుతుంది.

ఇంత సరిచేశాక వేగా 7 ఏం చేయగలదు? వాలొరెంట్, రాకెట్ లీగ్ లాంటివి 1080పిలో తక్కువ సెట్టింగ్‌లతో 60 ఫ్రేములు హాయిగా దాటతాయి. సైబర్‌పంక్ 2077 లాంటి బరువైన గేముల మీద ఆశ పెట్టుకోవద్దు. ఆఫీసు పని, ప్రోగ్రామింగ్, ఫొటో ఎడిటింగ్, రెండు మానిటర్లు: వీటికి ఏ లోటూ రాలేదు. ఒక్క పరిమితి గుర్తుంచుకోండి. హెచ్‌ఈవీసీ, వీపీ9 ఫార్మాట్ల వీడియోలను గ్రాఫిక్స్ చిప్పే డీకోడ్ చేస్తుంది కానీ ఏవీ1 ఫార్మాట్‌కి ఆ సదుపాయం లేదు, ఆ భారం ప్రాసెసర్ కోర్ల మీద పడుతుంది. 4కే ఏవీ1 వీడియో నడిచేటప్పుడు సీపీయూ వాడకం పెరగడానికి కారణం అదే.

కార్డు అవసరం నాకు స్పష్టంగా కనిపించింది 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో. సీన్‌ని తుది బొమ్మగా మార్చే దాని సైకిల్స్ రెండరింగ్‌కి వేగా 7 అక్కరకు రాదు, సీపీయూతోనే చేసుకోవాలి. 3060తో రెండర్ చేయించే ఆప్టిక్స్ ఆప్షన్ ఎంచుకున్నాక తేడా పోల్చలేనంత. ఇక్కడ చిప్ వేగంతో సమానంగా 12 జీబీ మెమరీ కూడా ముఖ్యం. సీన్ అందులో పట్టకపోతే రెండర్ బాగా నెమ్మదిస్తుంది, లేదా ఎర్రర్‌తో ఆగిపోతుంది. వీడియో ఎడిటింగ్‌లో నాయిస్ తగ్గించే ఎఫెక్టులు, సొంత పీసీలో ఏఐ మోడళ్లు నడపడం కూడా ఇదే కోవ.

కార్డు బిగించేవాళ్లు ముందు పవర్ సప్లై చూసుకోవాలి. 3060 ఒక్కటే 170 వాట్ల దాకా లాగుతుంది, తయారీదారు సూచన 550 వాట్ల సప్లై. మానిటర్ కేబుల్ బోర్డు నుంచి తీసి కార్డుకి పెట్టాలి. ఇది మరిచిపోయి కార్డు పనిచేయట్లేదని తిప్పి పంపేవాళ్లు ఉన్నారు! రెండో మానిటర్‌ను బోర్డు నుంచే నడపాలంటే బయోస్‌లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌ను ఆటో నుంచి ఎనేబుల్‌కి మార్చండి.

5600జీ కార్డుకి ఇచ్చే డేటా దారి పాత తరం పీసీఐఈ 3.0 మాత్రమే. పదహారు లేన్ల 3060కి దీంతో పెద్ద నష్టం లేదు. నాలుగే లేన్లున్న ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డుకి మాత్రం దారి సెకనుకు సుమారు 4 జీబీకి ఇరుకైపోతుంది. దాని 4 జీబీ మెమరీ నిండగానే ఫ్రేములు కుప్పకూలుతాయి. ఈ జోడీ వద్దు. పైగా 5600జీలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 16 ఎంబీ, జీ లేని 5600లో 32 ఎంబీ. కార్డు కొనడం ఖాయమని ముందే తెలిస్తే గేములకు 5600యే మేలు. అయితే దాంట్లో ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ లేదు, కార్డు చెడిపోయిన రోజున స్క్రీన్ రాదు. పీసీ మీదే పని ఆధారపడినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ప్రాసెసర్ పేరు చూసి ఆగకుండా ర్యామ్ ఒకే చానెలా, రెండు చానెళ్లా అని తప్పక కనుక్కోండి. ఇంటెల్ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ ఐరిస్ ఎక్స్‌ఈ ఉన్న మోడల్ ఒకే స్టిక్‌తో వస్తే డివైస్ మేనేజర్‌లో దాని పేరు యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే కనిపిస్తుంది. స్లాట్ ఖాళీగా ఉంటే రెండో స్టిక్ పెట్టగానే ఐరిస్ ఎక్స్‌ఈగా మారుతుంది. స్లాటే లేకుండా ర్యామ్ ఒకే చానెల్‌తో బోర్డుకి అతికించి ఉంటే ఆ మోడల్ వదిలేయండి.