బోటు బల్లాస్ట్ బ్యాగులు: నీళ్లు బయటికి పోయేదాకా నమ్మకండి

బరువు పెంచితే వేక్ (బోటు వెనక లేచే అల) పెరుగుతుందని వేక్‌బోర్డింగ్ చేసేవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ జోలికి పోను. ఇక్కడ మాట్లాడేది బరువు (బల్లాస్ట్) కోసం నీళ్లు నింపే బ్యాగుల గురించి: వెనక లాకర్లలో చెరొక 340 లీటర్ల మెత్తటి బ్యాగు, ముందు సీట్ల కింద 180 లీటర్లది ఇంకొకటి, ఒక్కోదానికి అటూ ఇటూ తిరిగే ఇంపెల్లర్ (రబ్బరు రెక్కల చక్రం) పంపు ఉన్న ఏర్పాటు. బోటు 21 అడుగుల వి-డ్రైవ్ (ఇంజను వెనక భాగంలో ఉండే రకం). కొన్ని సీజన్ల వాడకం తర్వాత రాస్తున్నాను.

నింపడం వరకు వీటికి వంక పెట్టలేం. స్విచ్ నొక్కితే పది పన్నెండు నిమిషాల్లో వెనక బ్యాగు బిర్రుగా నిండుతుంది. ఏరేటర్ పంపుల్లాగా (నీళ్లను తోయడమే తప్ప పైకి పీల్చలేని రకం) నీటిమట్టం కిందే ఉండాలన్న పేచీ లేదు, గాలి పట్టేసి ఊరికే తిరగడం లేదు. ఇంపెల్లర్ రెక్కలే దారికి అడ్డంగా ఉంటాయి కాబట్టి బోటు పరుగులో ఉండగా బ్యాగు దానంతట అది ఖాళీ అవదు. నింపడానికీ తోడడానికీ ఒకటే హోస్.

చిరాకంతా ఆ తోడే దగ్గరే. బ్యాగు పైమూల నుంచి బయటికి పోయే వెంట్ హోస్ మధ్యలో ఒక వన్-వే వాల్వ్ ఉంటుంది. లోపలి గాలిని, నిండాక పొంగిన నీటిని అది బయటికి వదలాలి, బయటి గాలిని మాత్రం రానివ్వకూడదు. గాలి రాకపోతేనే బ్యాగు ముడుచుకుంటూ చివరి నీళ్లను పంపు వైపు తోస్తుంది. కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ వాల్వ్‌లో, రబ్బరు మూతకీ అది కూర్చునే గూటికీ మధ్య వెంట్రుకంత నాచు పీచు ఇరుక్కుంది. అంతే. తోడుతుంటే గాలి దూరి, ఎడమ బ్యాగు ముడుచుకోకుండా డేరాలా నిలబడిపోయింది. అడుగున నీళ్లు మడతల వెనకే ఆగిపోయాయి, పంపు గాలి పీల్చింది.

నియోప్రిన్ ఇంపెల్లర్‌కి నీళ్లే కందెన. పొడిగా అర నిమిషం దాటి తిరిగితే రెక్కల అంచులు కాలడం మొదలవుతుంది. నీళ్లు లాగేటప్పుడు బొంగురుగా ఉండే మోత గాలి తగలగానే సన్నగా మారుతుంది కానీ, పాటలు పెట్టిన బోటులో అది వినేదెవరు? ఆ రోజుకి ఏమీ తెలియలేదు. తర్వాతిసారి మిగిలిన రెక్కలతోనే బ్యాగు నిండింది, కాస్త నెమ్మదిగా. తోడేటప్పుడు అవి కూడా ఊడిపోయాయి. కుడి బ్యాగు ఖాళీ అవుతోంది, ఎడమవైపు 340 కిలోలు అలాగే కూర్చున్నాయి, బోటు ఒరిగిపోయింది. అలా ట్రైలర్ ఎక్కించే ప్రశ్నే లేదు.

ఇలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని కుడి బ్యాగుని మళ్లీ నింపి బోటుని నిటారు చేయడం. తర్వాత బోటు అడుగున నీళ్లొచ్చే దారి వాల్వ్ (సీకాక్) మూసి, బ్యాగు పై ఫిట్టింగ్ విప్పి, చేతి పంపు హోస్‌ని అడుగుదాకా దింపి తోడాలి. చేతి పంపు లేకపోతే, సీకాక్ మూశాకే, పాడైన పంపు దగ్గర హోస్ ఊడదీసి నీటిని బిల్జ్‌లోకి (బోటు లోపలి అట్టడుగుకి) వదలడమే మార్గం. హోస్‌ని సగం మడిచి పట్టుకుని, బిల్జ్ పంపు తోడగలిగినంతే వదలాలి. ఆ నీళ్లు ముందునుంచీ బోటులో ఉన్నవే, కొత్తగా బరువేమీ పెరగదు. ప్రమాదం అవి బ్యాగు వదిలి అటూ ఇటూ పొర్లడంతో. సగం నిండిన బ్యాగుతో మలుపు తిప్పినా ఇదే గొడవ.

రెక్కల ముక్కలన్నీ దొరికేదాకా వెతకాలి. ఒక్కటి ఎల్బోలో (హోస్ మలుపు ఫిట్టింగ్) మిగిలినా కొత్త ఇంపెల్లర్ వేసి లాభం ఉండదు. బిగించేటప్పుడు గ్లిసరిన్ రాయాలి, పెట్రోలియం గ్రీజు వద్దు. ఇప్పుడు వెంట్ వాల్వ్ చేయి పెడితే అందేచోట ఉంది, పారదర్శకమైనది, విప్పి కడగొచ్చు. నీళ్లొచ్చే దారిలో జాలీ, స్విచ్‌కి టైమరు కూడా చేరాయి. పంపు లాగే హోస్ లోపల తీగ చుట్టు ఉన్నదే వాడండి, మామూలు హోస్ లోపలికి నొక్కుకుపోయి మూసుకుంటుంది. బ్యాగు ఉబ్బితే పక్క చెక్కల స్క్రూలు పీకుతుంది, స్టీరింగ్ కేబుల్‌ని నొక్కుతుంది. అందుకని మొదటిసారి కళ్లలో వత్తులు వేసుకుని, సీటు తెరిచే నింపాలి.

పైన చెప్పిన పది పన్నెండు నిమిషాలు కొత్త ఇంపెల్లర్ వేసి, ఇంజను నడుస్తున్నప్పటి మాట. మూడు పంపులూ ఒకేసారి వేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఒక్కోదానికి 20 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే పెట్టరు. సీజన్ చివరికి రెక్కలు ఒకవైపు వంగిపోయి, ఆ 'దానంతట అది ఖాళీ అవదు' అన్న సుగుణమూ సడలుతుంది. చలికాలంలో ఇంపెల్లర్ తీసి దాచడం మంచిది.

వేక్ సంగతికొస్తే, వెనక రెండే నింపితే అది నిటారుగా లేచినా పొట్టిగా ఉంటుంది, గంటకి 35 కిలోమీటర్ల లోపు అంచు తెల్లగా విరుగుతుంది. ముందు బ్యాగు కలిపితే పొడవై, శుభ్రపడుతుంది. 36 దగ్గర, 20-23 మీటర్ల తాడుతో బాగుంటుంది. కాకపోతే ముందు బరువుతో వేగం తగ్గించి వెనక్కి తిరిగినప్పుడు మన అలే ముక్కు మీదుగా లోపలికొస్తుంది. బోటు మీది కెపాసిటీ ప్లేటు (ఎంత బరువు మోయొచ్చో రాసిన పలక) లెక్కలో మనుషులతో పాటు బ్యాగుల బరువూ వస్తుందని మర్చిపోవద్దు.

23 కిలోల సీసపు సంచులకి పంపు, వాల్వ్ గోల లేదు. కానీ బోటు నీళ్లతో నిండితే నీటి బ్యాగు బరువు లెక్కలోకి రాదు, సీసం మాత్రం కిందికి లాగుతుంది. ట్రైలర్ ఎక్కించే ముందు ప్రతిసారీ మోయాల్సిందే.

బోటు ఒకే సరస్సులో ఉండి, ఇద్దరు ముగ్గురే ఎక్కేవాళ్లకి ఈ బ్యాగులు సరిపోతాయి. మా బోటులో ఆరుగురు దాటితే ముందుది ఖాళీగానే వదిలేస్తాం. సరస్సులు మారుతూ తిరిగేవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. ఎంత తోడినా మడతల్లో కొద్దిగా నీళ్లు మిగులుతాయి, జీబ్రా మస్సెల్ (బోట్ల నీళ్లతో ఒక సరస్సు నుంచి ఇంకోదానికి పాకే చిన్న ఆల్చిప్ప జీవి) ఉన్న చోట్ల ఆ కాస్త నీళ్లే తనిఖీలో బోటుని ఆపుతాయి.